రూట్ కెనాల్: కుర్చీలో కూర్చునే ముందు, కూర్చున్నాక అందరూ అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఊళ్లోవాళ్లే కాకుండా చంద్రగిరి, పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు చాలామంది. నోరు తెరిచే ముందు అడిగే సందేహాలూ, ఇంటికెళ్లి రాత్రి పది గంటలకు ఫోన్ చేసి అడిగే సందేహాలూ దాదాపు ఒకటే. అందుకని వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు రాసి, జవాబులు పెట్టాను. మీకు ఏది కావాలో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## నొప్పి మొదలైనప్పుడు

అసలు రూట్ కెనాల్ అంటే ఏం చేస్తారు? పన్ను పీకేస్తారా?

పీకరు. పీకకుండా కాపాడుకోవడానికే ఈ వైద్యం. పన్ను పైకి రాయిలా కనిపించినా లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో మెత్తటి గుజ్జు, అందులో నరాలు, సన్నటి రక్తనాళాలు ఉంటాయి. ఇవి పంటి వేర్లలోని సన్నటి గొట్టాల గుండా దవడ ఎముకలోకి దిగుతాయి. పుచ్చు ఈ గుజ్జుదాకా చేరితే అది కుళ్లిపోతుంది. ఆ కుళ్లిన గుజ్జును తీసేసి, గొట్టాలను శుభ్రం చేసి, మళ్లీ క్రిములు చేరకుండా మూసేయడమే రూట్ కెనాల్. పన్ను, దాని వేర్లు ఉన్నచోటే ఉంటాయి.

చిన్న పుచ్చే కదా, ఫిల్లింగ్ చాలదా?

పుచ్చు పైన చిన్నగా కనబడి లోపల గుహలా ఉండటం చాలా మామూలు. చల్లనీళ్లు తగిలినప్పుడు జివ్వుమని, నీళ్లు మింగగానే తగ్గిపోతే గుజ్జు ఇంకా బాగానే ఉన్నట్లు లెక్క. అలాంటప్పుడు ఎక్కువసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. వేడి కాఫీ తాగాక నొప్పి మొదలై చాలాసేపు వదలకపోతే, ఏమీ తినకుండానే సలుపు పుడితే, రాత్రి పడుకోగానే పోటు పెరిగి లేచి కూర్చోవాల్సి వస్తే మాత్రం గుజ్జు కోలుకునే దశ దాటిపోయింది. దానిపైన ఫిల్లింగ్ పెడితే కుండలో నిప్పు పెట్టి మూత వేసినట్లే. మేము కూడా ఊహించి చెప్పం. పన్నును తట్టి చూస్తాం, చల్లటిది తాకించి చూస్తాం, ఎక్స్‌రేలో పుచ్చు ఎంత లోతుకు పోయిందో, వేరు చివర ఎముక కరిగిందో లేదో చూసి చెబుతాం.

వారం రోజులు నిద్రపోనివ్వలేదు. ఇప్పుడు దానంతటదే తగ్గిపోయింది. ఇంక అక్కర్లేదు కదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే ప్రశ్న ఇదే. ఈ తగ్గుదలను నమ్మి పన్ను పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. నొప్పి తగ్గింది పన్ను బాగై కాదు, లోపల నరం చచ్చిపోయి. చచ్చిన నరానికి నొప్పి తెలియదు. క్రిములు మాత్రం అక్కడే ఉంటాయి. ఆ గొట్టాల్లోకి రక్తం రాదు కాబట్టి ఒంట్లోని రక్షణ కణాలు వాటి దగ్గరకు చేరలేవు. క్రిములు నెమ్మదిగా వేరు చివర నుంచి బయటికి వచ్చి ఎముకను కరిగిస్తాయి. కొన్నాళ్లకు చిగురు మీద చిన్న పొక్కు లేచి, చీము కారి, మళ్లీ అణిగిపోతుంది. చీముకు దారి దొరికింది కాబట్టి అప్పుడూ నొప్పి ఉండదు. ఆ దారి మూసుకుపోయిన రోజున తెల్లారేసరికి బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోతుంది.

నొప్పి ఉంటే జబ్బు, లేకపోతే ఆరోగ్యం అన్న లెక్క పంటికి పనికిరాదు. ఒకప్పుడు విపరీతంగా నొప్పి పుట్టి ఆగిపోయిన పన్ను ఉంటే ఒక ఎక్స్‌రే తీయించుకోండి.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ ఇచ్చారు, వేసుకుంటే తగ్గుతోంది. అది చాలదా?

చాలదు. మాత్ర రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. చచ్చిన గుజ్జులోకి రక్తమే వెళ్లదు కాబట్టి మందూ వెళ్లదు. చుట్టూ ఉన్న వాపు కొంత తగ్గుతుంది, అసలు చోటు అలాగే ఉంటుంది. మాత్రలు ఆపిన కొన్నాళ్లకు మళ్లీ మొదలు. అవసరం లేకుండా పదేపదే వాడితే, నిజంగా కావాల్సిన రోజున ఆ మందు పనిచేయకుండా పోతుంది. వాపు, జ్వరం ఉంటే యాంటీబయాటిక్ మేమే రాస్తాం, అది కూడా పన్నుకు చేసే వైద్యానికి తోడుగా.

ఇంకో మాట. నొప్పి మాత్రను నలిపి పంటి పక్కన చిగురు మీద పెట్టుకోకండి. చిగురు కాలి తెల్లగా ఊడి వస్తుంది. లవంగ నూనె దూదికి కొద్దిగా అద్ది పుచ్చులో పెడితే కాసేపు ఉపశమనం ఉంటుంది. అది ఆ రాత్రి గడవడానికి మాత్రమే.

పీకించేస్తే ఒక్క రోజులో వదిలిపోతుంది కదా?

పన్ను పోతుంది గానీ ఖాళీ మిగులుతుంది. దవడ పన్ను, అంటే వెనక నమిలే పెద్ద పన్ను, ఒకటి పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి దవడ పన్ను మెల్లగా ఆ ఖాళీ వైపు జారుతుంది. ఆ పక్కతో నమలడం తగ్గి, భారమంతా రెండో పక్కన పడుతుంది. ఆ తర్వాత బ్రిడ్జి (పక్క పళ్ల ఆధారంతో కట్టే పన్ను) గానీ ఇంప్లాంట్ (ఎముకలో స్క్రూ దించి దానిపై పెట్టే పన్ను) గానీ పెట్టించుకుంటే రూట్ కెనాల్‌కు అయ్యేదానికంటే ఎక్కువ ఖర్చయ్యే సందర్భాలే ఎక్కువ.

అలాగని ప్రతి పన్నునూ కాపాడాలని నేను పట్టుబట్టను. చిగురు లోపలికి విరిగిన పన్ను, ఎముక పట్టు పోయి బాగా ఊగే పన్ను, పనికిరాకుండా పక్కకు మొలిచిన జ్ఞానదంతం పీకించుకోవడమే మేలు. మీ పన్ను ఏ రకమో సూటిగా అడగండి.

పై పన్ను నరం తీస్తే కంటిచూపు తగ్గుతుందని మా అవ్వ అంటోంది. నిజమేనా?

కాదు. చూపునిచ్చే నరం కంటి నుంచి నేరుగా మెదడుకు వెళుతుంది. పంటి నరాలు వేరే నరానికి కొమ్మలు. పై పన్ను నొప్పి కణతదాకా, కంటి కిందిదాకా పాకినట్లు అనిపిస్తుంది కాబట్టి ఈ నమ్మకం పుట్టి ఉంటుంది. అవ్వను కూడా వెంట తీసుకురండి, ఆమెకూ ఎక్స్‌రేలో చూపించి చెబుతాను.

బుగ్గ వాచింది. వాపు తగ్గేదాకా ఇంట్లో ఆగాలా?

ఆగవద్దు. వాపు ఉన్నప్పుడే పన్నును తెరిచి చీము బయటికి పంపితే చాలాసార్లు అక్కడికక్కడే తేలికవుతుంది. వాపు ఉంటే ముట్టుకోకూడదన్నది పాత మాట. బయట నుంచి వేడి కాపడం పెట్టకండి. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించవచ్చు.

కింది విషయం మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. వాపు దవడ కిందికి, గొంతు వైపు దిగినా, నోరు తెరవలేకపోయినా, మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా, కంటి చుట్టూ వాచి జ్వరం వచ్చినా పళ్ల క్లినిక్ తెరిచేదాకా ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేయండి, లేదా తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆస్పత్రి ఎమర్జెన్సీకి, చిత్తూరులో జిల్లా ఆస్పత్రికి అర్ధరాత్రయినా వెళ్లండి. పంటి చీము గొంతులోకి దిగితే ప్రాణానికే ప్రమాదం.

## వైద్యానికి వచ్చే ముందు

షుగర్ ఉంది, గుండెకు స్టెంట్ వేశారు. చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు పంటి చీము త్వరగా ముదురుతుంది, చీము ఉంటే షుగర్ అదుపులోకి రాదు. అందుకే వాళ్లు అసలు వాయిదా వేయకూడదు. మాత్రలు మామూలుగా వేసుకుని, తినేసి, చివరిసారి చేయించిన రక్తపరీక్ష కాగితం తీసుకురండి.

స్టెంట్ ఉన్నవాళ్లు రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపేసి వస్తుంటారు. దయచేసి అలా చేయకండి. ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రూట్ కెనాల్‌లో కోత ఉండదు కాబట్టి సాధారణంగా వాటిని ఆపాల్సిన పని ఉండదు. గుండెలో కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు మాత్రం ముందే చెప్పాలి. వాళ్లకు పని మొదలుపెట్టే ముందు ఒక మోతాదు యాంటీబయాటిక్ ఇస్తాం. వాడే మందులన్నీ కవర్లో వేసుకొచ్చి బల్ల మీద పెట్టినా చాలు, పేర్లు గుర్తుండక్కర్లేదు.

ఐదో నెల గర్భం. బిడ్డకేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

నాలుగో నెల నుంచి ఆరో నెలదాకా పంటి వైద్యానికి అనువైన కాలం. తీవ్రమైన నొప్పీ చీమూ ఉంటే ఏ నెలలోనైనా చేస్తాం, ఎందుకంటే చీము, జ్వరం, తిండి నిద్ర లేకపోవడం తల్లికీ బిడ్డకీ ఎక్కువ చేటు. మేము వాడే లిగ్నోకెయిన్ మత్తు గర్భిణులకు ఇవ్వదగినదే. ఎక్స్‌రే తప్పనిసరైతే సీసపు కవచం కప్పి ఒకటి రెండు తీస్తాం. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి. మీకు చూసే గైనకాలజిస్ట్‌కు కూడా ఒక మాట చెప్పండి.

శనివారం ఒక్కపొద్దు ఉంటాను. ఆ రోజు రావచ్చా?

ఇంకో రోజు పెట్టుకోండి. పెరటాసి నెల శనివారాల్లో ఉపవాసంతో వచ్చి కుర్చీలో కళ్లు తిరిగినవాళ్లు ఉన్నారు. ఖాళీ కడుపు, భయం, మత్తు సూది మూడూ కలిస్తే అలా అవుతుంది. పైగా తర్వాత రెండు మూడు గంటలు నోరు మొద్దుబారి ఉంటుంది, తినలేరు. కడుపునిండా తిని రావాలి.

మొత్తం ఎంతవుతుంది?

ఏ పన్ను, ఎన్ని గొట్టాలు, ఏ రకం క్యాప్ (పన్ను మీద వేసే తొడుగు) అన్నదాన్ని బట్టి మారుతుంది. గొడవలు వచ్చేది రూట్ కెనాల్ ధర ఒక్కటే విని క్యాప్ కూడా అందులోనే అనుకోవడం వల్ల. అందుకని మొదటిరోజే ఇలా అడగండి: ఎక్స్‌రేలు, రూట్ కెనాల్, పైన కట్టే ఫిల్లింగ్, క్యాప్ అన్నీ కలిపి ఎంత, ఎప్పుడెప్పుడు కట్టాలి? కాగితం మీద రాసి ఇమ్మని అడగడంలో తప్పు లేదు. డబ్బుకు ఇబ్బందైతే ప్రభుత్వ ఆస్పత్రి దంత విభాగంలోనో, దంత కళాశాలలోనో అడగండి. కళాశాలలో విద్యార్థులు చేసినా పక్కన అధ్యాపకులు ఉంటారు. సమయం ఎక్కువ పడుతుంది, ఖర్చు తక్కువ.

## కుర్చీలో కూర్చున్నాక

నొప్పి పుడుతుందా? నిజం చెప్పండి.

సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. మందు పట్టాక ఎక్కువమందికి ఒత్తిడి, కదలిక తెలుస్తాయి గానీ నొప్పి తెలియదు. నా దవడ పన్నుకు కూడా రూట్ కెనాల్ అయింది. ఆ ముందురోజు రాత్రి పడ్డ బాధతో పోలిస్తే కుర్చీలో గడిపిన గంట నాకు విశ్రాంతిలా అనిపించింది.

ఒక మినహాయింపు చెప్పాలి. నొప్పి బాగా ముదిరిన స్థితిలో వస్తే, ముఖ్యంగా కింది దవడ పన్నుకు, మొదటి సూదితో పూర్తిగా మొద్దుబారకపోవచ్చు. పెదవి మొద్దుబారినా పన్ను లోపల ప్రాణం ఉన్నట్లే ఉంటుంది. అప్పుడు ఇంకోచోట మందు ఇవ్వాల్సి వస్తుంది. మీరు చేయాల్సింది ఒక్కటే, నొప్పి తెలిసిన క్షణంలో ఎడమ చెయ్యి ఎత్తడం. మా ఊరివాళ్లు, ముఖ్యంగా పెద్దవాళ్లు, డాక్టరుకు ఇబ్బందని పళ్ల బిగువున ఓర్చుకుంటారు. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. చెయ్యి ఎత్తితే ఆపి, మళ్లీ మందిస్తాం.

లోపల అంతసేపు ఏం చేస్తారు?

ముందు పంటి చుట్టూ పలచటి రబ్బరు షీటు బిగిస్తాం. ఉమ్మి పన్నులోకి పోకుండా, మందులు, పరికరాలు గొంతులోకి జారకుండా కాపాడేది అదే. తర్వాత పన్ను పైభాగంలో చిన్న ద్వారం చేసి గొట్టాలు వెతుకుతాం. ముందు పళ్లకు సాధారణంగా ఒక్కటే ఉంటుంది, కింది దవడ పళ్లకు మూడు, పై దవడ పళ్లకు మూడు లేదా నాలుగు. ఆ నాలుగోది వెంట్రుకంత సన్నగా దాక్కుని ఉంటుంది. దాన్ని వదిలేస్తే ఎంత బాగా చేసినా తర్వాత తిరగబెడుతుంది, అందుకే వెతకడానికి సమయం తీసుకుంటాం. వేరు పొడవును చిన్న ఎలక్ట్రానిక్ పరికరంతో కొలిచి, సూదుల్లాంటి ఫైళ్లతో గొట్టాల గోడలను గీకుతాం. మధ్యమధ్య సోడియం హైపోక్లోరైట్‌తో కడుగుతాం. బ్లీచింగ్ వాసన వచ్చేది దానివల్లే. చివరికి గొట్టాలను ఆరబెట్టి గట్టాపెర్చాతో నింపుతాం. అది ఆగ్నేయాసియాలో పెరిగే ఒక చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరులాంటి పదార్థం.

దవడ పన్నుకు ఒక్కో సిట్టింగ్ గంట దాకా పడుతుంది.

ఎన్నిసార్లు రావాలి?

ఒకటి నుంచి మూడుసార్లు. చీము లేకుండా గొట్టాలు తిన్నగా ఉంటే ఒకేసారి పూర్తవుతుంది. చీము కారుతుంటే లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ మందు పెట్టి వారం పది రోజులు ఆగుతాం. పలమనేరు, నగరి లాంటి దూరం నుంచి వచ్చేవాళ్లు ముందే చెబితే ఒక్కో రోజు ఎక్కువ సమయం కేటాయించి ప్రయాణాలు తగ్గించవచ్చు.

ఇన్ని ఎక్స్‌రేలు తీస్తే ప్రమాదం కాదా?

కాదు. ఒక చిన్న పంటి ఎక్స్‌రేలో పడే రేడియేషన్ చాలా తక్కువ, ప్రకృతి నుంచి మన ఒంటిమీద రోజూ పడేదానికి అటూ ఇటుగా ఉంటుంది.

## సిట్టింగుల మధ్య

మొదటిసారికే నొప్పి పోయింది. పొలం కోతలయ్యాక వస్తే కాదా?

కుదరదు. నొప్పి పోయింది కుళ్లిన గుజ్జు తీసేయడం వల్ల, ఒత్తిడి తగ్గడం వల్ల. లోపల గొట్టాలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. పైన పెట్టింది తాత్కాలిక సిమెంటు. అది కొద్ది వారాలకే అరిగి సందు ఇస్తుంది, ఆ సందులో నుంచి ఉమ్మి, క్రిములు లోపలికి దిగుతాయి. కోతలని, పెళ్లని, పిల్లల పరీక్షలని ఆరు నెలలు ఆగి వచ్చేసరికి పన్ను మధ్యకు చీలిపోయి, పీకడం తప్ప దారిలేని స్థితిలో ఎంతోమందిని చూశాను. సగం వైద్యం డబ్బూ పోయి పన్నూ పోవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వీలుకాని రోజైతే ఫోన్ చేసి తేదీ మార్చుకోండి, మానేయకండి.

ఆ సిమెంటు ఊడిపోయింది. ఏం చేయాలి?

పైన పొర కొంచెం అరిగితే ఫర్వాలేదు. మొత్తం ఊడి గుంత కనిపిస్తుంటే ఒకటి రెండు రోజుల్లో వచ్చి మళ్లీ పెట్టించుకోండి. ఈలోగా దూది కుక్కకండి. లడ్డూలో కలకండ పలుకు, చెక్కల్లో శనగపప్పు తగిలి ఊడటం మా దగ్గర తరచూ చూసేదే. ప్రసాదం మానక్కర్లేదు, రెండో పక్కతో మెల్లగా తినండి.

## ఇంటికెళ్లాక

నరం తీసేశారు కదా, మళ్లీ నొప్పి ఎందుకు?

పన్ను లోపలి నరం పోయినా, వేరును ఎముకకు పట్టి ఉంచే కణజాలంలో నరాలు ఉంటాయి. శుభ్రం చేసినప్పుడు అక్కడ కొద్దిగా రేగుతుంది. రెండు మూడు రోజులు కొరికితే నొప్పిగా ఉండటం, వారం దాకా కొంచెం తేడాగా అనిపించడం మామూలే. పారాసిటమాల్ గానీ, మీ ఒంటికి పడితే ఐబుప్రొఫెన్ గానీ డాక్టరు రాసిన మోతాదులో వేసుకోండి. కిడ్నీ సమస్య, కడుపులో అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు ఐబుప్రొఫెన్ గురించి తప్పక అడగాలి. రోజురోజుకూ నొప్పి తగ్గాలి. పెరుగుతున్నా, వాపు వచ్చినా, పన్ను ఎత్తుగా తగులుతున్నా ఫోన్ చేయండి. ఎత్తుగా ఉంటే కాస్త అరగదీస్తే అప్పుడే హాయిగా ఉంటుంది.

ఎప్పుడు తినాలి, ఏం తినాలి?

మొద్దుబారడం పోయేదాకా నమలకండి. పెదవి, బుగ్గ కొరుక్కున్నా తెలియదు. పిల్లలను మరీ కనిపెట్టుకుని ఉండాలి. తర్వాత రెండో పక్కతో ఏదైనా తినొచ్చు. మొదటి రెండు రోజులు సంగటి ముద్ద, పప్పు, పెరుగన్నం హాయి. క్యాప్ పడేదాకా ఆ పక్కన చెరకు, మురుకులు, ఎముకలు వద్దు.

నడిచి కొండెక్కే మొక్కు ఉంది. ఎన్నాళ్లు ఆగాలి?

వాపు, జ్వరం లేకపోతే రెండు మూడు రోజులు ఆగి వెళ్లొచ్చు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. నొప్పి మాత్రల మీద, నిద్రలేకుండా, ఏమీ తినకుండా ఎక్కడం మంచిది కాదు.

## క్యాప్ సంగతి

నొప్పి లేదు, బాగానే నములుతున్నాను. క్యాప్ ఎందుకు?

పుచ్చు తిన్నదీ, ద్వారం కోసం మేము తీసిందీ పోగా దవడ పన్నుకు పలచటి గోడలే మిగులుతాయి. నమిలేటప్పుడు ఆ గోడలు బయటికి విచ్చుకుంటాయి. క్యాప్ వాటిని చుట్టూ పట్టి ఉంచుతుంది, బండి చక్రానికి ఇనుప పట్టా వేసినట్లు. క్యాప్ లేకుండా ఏడాది బాగానే నమిలిన ఒకాయన పండగకు చేసిన మురుకు కొరికితే పన్ను వేరుదాకా రెండుగా చీలింది. లోపల చేసిన రూట్ కెనాల్‌లో ఏ లోపమూ లేదు. అయినా పన్ను తీసేయక తప్పలేదు. ఆయన ముఖం నాకిప్పటికీ గుర్తుంది.

రూట్ కెనాల్ అయిన రెండు మూడు వారాల్లో క్యాప్ వేయించుకోండి. ముందు పన్నుకు ఎక్కువ భాగం చెక్కుచెదరకుండా ఉంటే ఫిల్లింగ్‌తో సరిపెట్టవచ్చు.

ఏ రకం క్యాప్ మంచిది?

వెనక దవడ పన్నుకు, నవ్వినా కనబడని చోట, మెటల్ క్యాప్ గట్టిది, చవక, పన్నును తక్కువ అరగదీస్తే చాలు. మెటల్ మీద పింగాణీ వేసినది మధ్యరకం. ఏళ్లు గడిచాక పింగాణీ పెచ్చు లేవొచ్చు, చిగురు దగ్గర నల్లగీత కనబడొచ్చు. జిర్కోనియా అనే ఒక రకం పింగాణీ పదార్థం పంటి రంగులోనే ఉండి గట్టిగా ఉంటుంది, ధర ఎక్కువ. డబ్బు కూడేదాకా క్యాప్ లేకుండా ఉండటం కంటే ఇప్పుడే మెటల్ క్యాప్ వేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

## ఏళ్లు గడిచాక

నరం లేని పన్ను మళ్లీ పుచ్చుతుందా?

పుచ్చుతుంది. క్యాప్ అంచు, చిగురు కలిసేచోట పాచి నిలిస్తే అక్కడి నుంచి మొదలవుతుంది. నరం లేదు కాబట్టి జివ్వుమని హెచ్చరిక రాదు. రోజూ రెండుసార్లు బ్రష్, అంచు దగ్గర శ్రద్ధ, ఏడాదికోసారి చూపించుకోవడం అవసరం.

పదేళ్ల కిందట చేయించిన పన్ను దగ్గర పొక్కు లేచింది. ఇంక పీకడమేనా?

తొందరపడకండి. అప్పుడు దొరకని గొట్టం ఒకటి మిగిలి ఉండొచ్చు, క్యాప్ సందులో నుంచి క్రిములు మళ్లీ దిగి ఉండొచ్చు, వేరు చీలి ఉండొచ్చు. మొదటి రెండిటికీ క్యాప్ తీసి, పాత గట్టాపెర్చా తొలగించి రెండోసారి రూట్ కెనాల్ చేయవచ్చు. ఈ పనికి ఎండోడాంటిక్స్‌లో (రూట్ కెనాల్ వైద్య విభాగంలో) ఎండీఎస్ అనే పీజీ చేసినవారి దగ్గరకు వెళ్లడం మంచిది. అలా కుదరకపోతే చిగురు తెరిచి వేరు చివరి కొసను తీసి మూసే చిన్న ఆపరేషన్ ఉంది. నిలువునా చీలిన వేరును మాత్రం నిలబెట్టలేం. పాత ఎక్స్‌రేలు, క్యాప్ వేసినప్పుడు ఇచ్చిన కార్డు ఇంట్లో బీరువాలో ఎక్కడున్నా వెతికి తెచ్చుకోండి. అప్పటి ఎముక, ఇప్పటి ఎముక పక్కపక్కన పెట్టి చూస్తే ఏ దారి పట్టాలో చాలావరకు తెలిసిపోతుంది.